చెడిన ప్లటూన్ చేతికొస్తే ముందు డ్యూటీ రిజిస్టర్ చూడండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఇన్‌ఫాంట్రీలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఈమధ్యే నాయబ్ సుబేదార్‌గా ప్రమోషన్ వచ్చింది. లీవు అయిపోయి వెళ్ళగానే వేరే కంపెనీలో ఒక ప్లటూన్ అప్పగిస్తున్నారు. బెటాలియన్ మొత్తంలో పేరు చెడిన ప్లటూన్ అది. ఫైరింగ్‌లో ఆఖరు, పరుగు లాంటివుండే దేహదారుఢ్య పరీక్ష బీపీఈటీలో ఆఖరు. లీవుకు పోయినవాళ్ళు టైముకు రారు. ఇంతకుముందున్న సాబ్ రిటైర్మెంట్ దగ్గరపడి ఏమీ పట్టించుకోలేదంటున్నారు. అక్కడి ప్లటూన్ హవల్దార్ నేను రిక్రూట్‌గా ఉన్నప్పుడు నాకు డ్రిల్ నేర్పిన ఉస్తాద్. ఇప్పుడు ఆయన నా కింద. అగ్నివీర్లు ఒకరికొకరు సాయం చేసుకోరట. కంపెనీ కమాండర్ సాబ్ మూడు నెలల్లో మార్పు కనపడాలన్నారు. మొదటి రోజు నుంచే గట్టిగా బిగించాలా, మంచిగా ఉండి దారిలో పెట్టుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకో చిన్న సందేహం: తిరుమల మొక్కు ఉంది. గుండుతో వెళ్ళి చార్జ్ తీసుకుంటే కుర్రాళ్ళు తేలిగ్గా చూస్తారా?
- ఒక నాయబ్ సుబేదార్, చిత్తూరు జిల్లా

సమాధానం:

నాయబ్ సాబ్, భుజం మీదికొచ్చిన నక్షత్రానికి ముందుగా అభినందనలు. యూనిట్ పేరూ, ఉన్న చోటూ ఎక్కడా బయటపడకుండా ఉత్తరం రాశారు. సెలవులో వచ్చిన కుర్రాళ్ళు కొందరు ఫోన్లో ఫోటోలతో సహా అన్నీ పెట్టేస్తున్న రోజుల్లో మీ జాగ్రత్త చూసి సంతోషమేసింది.

బిగించాలా, వదలాలా అని అడిగారు. అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది వేరే ఉంది: ఈ ప్లటూన్‌లో రాత్రి రెండు నుంచి నాలుగు దాకా సంత్రీ డ్యూటీ ఎవరు చేస్తున్నారు?

ఫైరింగ్, పరుగు, లీవు నుంచి ఆలస్యం అని మూడు జబ్బులు రాశారు. యూనిఫారంలో ఉన్నన్నాళ్ళూ నేను చూసినంతలో ఈ మూడూ ఒకే చోట పుడతాయి, డ్యూటీ రిజిస్టర్‌లో. ముప్పై మంది ఉన్న ప్లటూన్‌లో రాత్రి కాపలా ఎప్పుడూ అదే ఎనిమిది మంది మీద పడుతోందనుకోండి. తెల్లారి వాళ్ళు ఐదు కిలోమీటర్లు ఏం పరుగెత్తుతారు? మంటలెత్తే కళ్ళతో టార్గెట్ ఏం చూస్తారు? లీవుకు పోయినవాడికి తిరిగి రైలెక్కాలంటే కాళ్ళు రావు, దిగగానే ఆ రెండు గంటల డ్యూటీ తనకోసమే కాచుకుని ఉంటుందని వాడికి తెలుసు. పోనీ తప్పించుకు తిరిగే మిగతావాళ్ళు సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఎవరి దయవల్ల రోజులు గడుస్తున్నాయో ఆ మనిషి చుట్టూ తిరుగుతూ ఉండాలి. గ్రూపులు అక్కడే మొదలవుతాయి.

అందుకని వెళ్ళిన మొదటి వారం ఎవరినీ ఏమీ అనకండి. పీటీకి అందరితో పాటు దిగండి, లంగర్లో అందరి తర్వాత తినండి, కళ్ళు తెరిచి ఉంచండి. రాత్రి మీ గదిలో కూర్చుని గడిచిన మూడు నెలల రిజిస్టర్ ముందేసుకుని పెన్సిల్‌తో లెక్క రాయండి. పేరు, రాత్రి కాపలాలు, ఫటీగులు (మోత, శుభ్రం పనులు), ఆదివారం డ్యూటీలు, పండగ లీవులు. వారం తిరిగేసరికి ఆ కాగితమే మీకు ప్లటూన్ కథంతా చెబుతుంది. ఎవరు ఎవరి మనిషో, ఎవరి నోరు నొక్కేశారో అందులో కనబడుతుంది. ఆ కాగితం ఎవరికీ చూపించొద్దు, ఎవరినీ పిలిచి నిలదీయొద్దు. రెండో వారం నుంచి డ్యూటీ చార్టు బ్యారక్‌లో అందరికీ కనిపించే చోట అంటించండి. అందులో రాత్రి రౌండ్ల కింద మీ పేరూ ఉండాలి. రెండు గంటల వేళ మీరు టార్చి వేసుకుని వచ్చారన్న కబురు పొద్దుటికి అందరికీ చేరిపోతుంది, మీరు చెప్పనక్కర్లేదు.

ఇంత చిన్న విషయంతో ఏమవుతుందని అనిపించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 అక్టోబరులో, విలియం స్లిమ్ అనే బ్రిటిష్ జనరల్ పద్నాలుగో ఆర్మీ పగ్గాలు పట్టుకున్నాడు. అందులో ఎక్కువమంది మన భారతీయ సిపాయిలే. 1942లో జపాన్ సైన్యం బర్మా నుంచి తరిమేస్తే నడిచి వెనక్కొచ్చిన బలగం చాలా ఉంది అందులో. ఆయన పట్టించుకున్న పెద్ద లెక్కల్లో ఒకటి రోగులది. ఆ ఏడాది గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్కరికి జబ్బులతో పంపినవాళ్ళు 120 మంది ఉన్నారు. మలేరియా అంతగా పీడించింది. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర రోజూ మింగాలని ఆర్డరుంది, మింగేవాళ్ళు తక్కువ. స్లిమ్ చెప్పాపెట్టకుండా యూనిట్లలో పరీక్షలు చేయించాడు. నూటికి 95 మంది ఒంట్లో మందు కనబడకపోతే అక్కడి కమాండింగ్ ఆఫీసర్‌ని తీసేశాడు. అలా ముగ్గురు పోయాక మిగతావాళ్ళకు సంగతి బోధపడింది. ఉద్యోగం పోయింది మాత్ర మింగని జవానుది కాదు, మింగించని సాబ్‌ది. ఇది గుర్తుపెట్టుకోండి. ముందు వరుసలో బలగాలకు సగం రేషన్ అయినప్పుడు తన హెడ్‌క్వార్టర్‌కి కూడా సగమే పెట్టించేవాడాయన. ఆ సైన్యమే 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్‌ను నిలువరించింది.

మనం జనరల్స్ కాదు, ముప్పై మందిని చూసుకునేవాళ్ళం. అయినా పద్ధతి అదే.

ఇక మొదటి రోజు రోల్‌కాల్‌లో ఏం మాట్లాడాలి? తక్కువ మాట్లాడండి. 1962 చైనా యుద్ధంలో దెబ్బ తిన్న నాలుగో కోర్‌కి తేజ్‌పూర్‌లో చార్జ్ తీసుకున్నప్పుడు మానెక్‌షా ఉపన్యాసం ఇవ్వలేదు. తన రాతపూర్వక ఆర్డరు లేకుండా ఇకమీద ఎవరూ వెనక్కి తగ్గకూడదని, అలాంటి ఆర్డరు తాను ఇవ్వబోనని చెప్పి ముగించాడని చెబుతారు. మీరూ నిలబెట్టుకోగల మాట ఒక్కటే చెప్పండి. "నాకు తెలియకుండా ఎవరి డ్యూటీ ఎవరి మీదికీ పోదు" అంటే చాలు. మొదటి స్థానం తెస్తాం, పేరు నిలబెడతాం లాంటివి ఇప్పుడే వద్దు. ఆ మాటలు పాత సాబ్ కూడా చెప్పే ఉంటాడు, విన్న చెవులే అవి.

లీవు గురించి ఇంకొంచెం చెప్పాలి. రెగ్యులర్ జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్. అగ్నివీర్‌కి ఏడాది మొత్తానికి 30 రోజులే. ఈ తేడా మీద బ్యారక్‌లో పైకి వినబడని మంట ఉంటుంది. మీది దక్షిణాది పల్టన్ అని ఊహిస్తున్నా. జనవరిలో సంక్రాంతి, పొంగల్ రెండూ ఒకేసారి వస్తాయి, మలయాళీలకు ఓణం, క్రైస్తవులకు డిసెంబరు, మన తిరుపతి వాళ్ళకు మే నెలలో గంగ జాతర. ఏడాది లీవు ప్లాన్ అందరినీ కూర్చోబెట్టి వాళ్ళ ముందే రాయండి. పోయినసారి పండక్కి ఇంటికెళ్ళినవాడు ఈసారి డ్యూటీ. భార్య కాన్పు ఉన్నవాడికి పండగలతో సంబంధం లేకుండా ముందు. కాగితం మీద పడ్డాక దాన్ని మార్చే పని వస్తే, ఎందుకు మార్చారో కూడా అందరి ముందే చెప్పాలి.

ఆలస్యంగా వచ్చేవాళ్ళలో అందరూ ఎగవేతగాళ్ళు కారు. చాలామంది కథ మీకు తెలిసిందే, మన దగ్గరా అదే: అన్నదమ్ముల పొలం గొడవ, దాయాదులు గట్టు జరపడం, కోర్టు వాయిదా. కొడుకు ఎక్కడో మంచులో ఉంటే ఇక్కడ ముసలి తండ్రి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు. అలాంటివాడి చెవిలో మీరు ఎంత అరిచినా ఎక్కదు. వాడిని కూర్చోబెట్టుకుని కాగితాలు చూడండి. కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో కలెక్టర్‌కి ఒక ఉత్తరం పోతే పని కదలడం నేను చూశాను. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, వేరే జిల్లాల కుర్రాళ్ళకు వాళ్ళ జిల్లాలోనూ ఉంటుంది. సర్వీసు పరిస్థితుల వల్ల రాలేని సైనికుడి మీద సివిల్ కేసు ఏకపక్షంగా తేలిపోకుండా ఆపే చట్టం 1925 నుంచీ ఉంది, సైనికుల వ్యాజ్యాల చట్టం. మన కుర్రాళ్ళలో దాని పేరు విన్నవాళ్ళే తక్కువ. ఒక్కడి పొలం గొడవలో మీరు ఇంత దూరం వెళ్ళారంటే మిగతావాళ్ళంతా చూస్తారు. ఆ తర్వాత కూడా ఊరికే ఎగ్గొట్టేవాడు ఒకడో ఇద్దరో మిగులుతారు. వాళ్ళని బతిమాలకండి, దాచకండి. కేసు నేరుగా కంపెనీ కమాండర్ టేబుల్ మీదికి పంపండి.

బిగించడం సంగతికొస్తే, ఒక గీత మాత్రం దాటకండి. చెయ్యి చేసుకోవద్దు. మన కాలంలో ఉస్తాదులు కొట్టి నేర్పారు, మనం బాగుపడలేదా అని మీ మెస్‌లోనే ఎవరో ఒకరు అంటారు. 1950 ఆర్మీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం కింది ర్యాంకువాడి మీద చెయ్యెత్తినా, హింసించినా కోర్ట్ మార్షల్‌లో ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు, మీలాంటి జేసీవోకి కూడా. చట్టం పక్కన పెట్టినా, చెడిన ప్లటూన్‌లో కొట్టినవాడి పని సులువు కాదు. ఆ దెబ్బ అన్యాయపు లెక్కలోకే పోతుంది.

ఉస్తాద్ విషయం మీ ఉత్తరంలో రెండే వాక్యాలు రాశారు. మీ టెన్షన్‌లో సగం అదేనని నాకనిపిస్తోంది. ఆయన కోణం నుంచి చూడండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ సర్వీసు అయ్యుంటుంది. ప్రమోషన్ రాలేదు, మెడికల్ కేటగిరీ వల్లో, రికార్డులో శిక్ష తాలూకు ఎర్ర సిరా పడటం వల్లో. మీరు కవాతులో ఎడమ కాలికి కుడి చెయ్యి కలపలేక తంటాలు పడుతుంటే చూసిన మనిషి ఇప్పుడు మీకు సెల్యూట్ కొట్టాలి. ప్లటూన్ చెడిపోవడంలో ఆయన పాత్ర కూడా కొంత ఉండొచ్చు. పాత సాబ్ వదిలేస్తే ఇన్నాళ్ళూ నడిపింది ఆయనే కదా.

చార్జ్ తీసుకునే ముందు రోజే ఆయన దగ్గరికి మీరే వెళ్ళండి. పిలిపించుకోవద్దు. నలుగురు లేనప్పుడు "ఉస్తాద్" అనే పిలవండి, జీవితాంతం అలాగే పిలవండి. పరేడ్‌లో మాత్రం హవల్దార్, పేరు, అంతే. ఈ రెండూ కలపనని ఆయనతోనే చెప్పండి, పెద్దమనిషి అర్థం చేసుకుంటాడు. ఆ తర్వాత ఆయనకు మీరు చేయలేని పని ఒకటి అప్పగించండి. డ్రిల్, టర్నౌట్ (యూనిఫారం తీరు), కొత్త కుర్రాళ్ళ శిక్షణ, ఏదైతే ఆయన చేతిలో బాగుంటుందో అది. దాంట్లో వేలు పెట్టకండి. ఆయన మీద ఫిర్యాదులొస్తే అందరి ముందు వినకండి. డ్యూటీ రిజిస్టర్ మాత్రం మీ చేతికి తీసుకోండి, నెమ్మదిగానైనా ఖచ్చితంగా. ఆయనకు అది నొప్పిగానే ఉంటుంది. ఉండనివ్వండి.

ఇప్పుడు ఫైరింగ్. ఆఖరు స్థానం అనగానే ప్రాక్టీసు పెంచాలంటారు అందరూ. తూటాలు పెంచే ముందు రైఫిళ్ళు చూడండి. చార్జ్ తీసుకునేటప్పుడు కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, ఒక్కో ఆయుధం నంబరు మీ కళ్ళతో చూశాకే సంతకం పెట్టండి, ఇది ఎలాగూ చేస్తారు. దాంతోపాటు ఏ రైఫిల్ ఎవరి పేరు మీద ఉంది, చివరిసారి ఎప్పుడు జీరో చేశారు, అంటే వాడే మనిషి కంటికి గురి సరిచేశారు, అనేది అడగండి. క్రమశిక్షణ జారిన చోట రేంజ్ రోజున చేతికందిన రైఫిల్ పట్టుకుపోతారు. ఇంకొకడి కంటికి జీరో చేసిన రైఫిల్‌తో మంచి ఫైరర్ కూడా గురి తప్పుతాడు. మొదటి రేంజ్ రోజున స్కోరు రాయించకండి, గ్రూపింగ్ మాత్రమే చూడండి. తూటాలన్నీ ఒకచోట దగ్గరగా పడి కుప్ప మొత్తం ఒక పక్కకు పోతే తప్పు రైఫిల్ జీరోది, అరగంటలో సరిచేయొచ్చు. తూటాలు చెల్లాచెదురుగా పడితే తప్పు పట్టులో, శ్వాసలో, ట్రిగ్గర్ లాగడంలో ఉంది. వాడికి రేంజ్ కాదు, ఖాళీ రైఫిల్‌తో రోజూ పావుగంట పొజిషన్, ట్రిగ్గర్ అభ్యాసం కావాలి. ఈ రెండు రకాలవాళ్ళనీ కలిపి తిట్టడం వల్లే ప్లటూన్లు ఏళ్ళ తరబడి ఆఖర్లో ఉంటాయి.

పరుగు గురించి ఎక్కువ రాయను. రాత్రి డ్యూటీలు సరిచేస్తే అందులో సగం అదే సర్దుకుంటుంది. బలహీనుల్ని, బలమైనవాళ్ళని వేరు గుంపులు చేసి, బరువు కొంచెం కొంచెంగా పెంచండి. రిక్రూట్‌మెంట్ కోసం పొద్దున్నే అలిపిరి మెట్ల మీద ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళని చూస్తుంటాను. 3,550 మెట్లలో మొదటి వంద ఎగిరెగిరి దూకినవాడు గాలిగోపురం దాకా రాకుండానే కూలబడతాడు. మూడు నెలల గడువు చూసి మీరు కూడా అలా దూకొద్దు.

అగ్నివీర్ల విషయంలో తప్పు కుర్రాళ్ళది కాదు. అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది, మొదటి బ్యాచ్‌కి 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైంది. నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మంది దాకా మాత్రమే ఉండిపోతారు. పక్క మంచం మీద పడుకున్నవాడే తన పోటీదారు అని తెలిసినప్పుడు వాడికి ట్రిక్కులు ఎందుకు చెబుతాడు? దీని మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ అనవసరం. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. బడ్డీ జంటల్ని మీరే వేయండి, గట్టివాడితో మెత్తనివాడిని. బడ్డీని పైకి లాగినవాడి పేరు మీ నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి, కంపెనీ కమాండర్ అడిగినప్పుడు ఆ పేజీ తీసి చూపించండి. ఇలా రాస్తున్నారని వాళ్ళకు ముందే చెప్పండి. అలాగే "నాలుగేళ్ళోడు" లాంటి మాటలు పాత జవాన్ల నోట్లోంచి వస్తే మొదటిసారే ఆపండి.

ఒక విషయంలో మీకు కలిసొస్తుంది, మీరు దాన్ని రాయనే లేదు. పలమనేరు, కుప్పం, వి.కోట వైపు పుట్టినవాడికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ నోటికొస్తాయి. వాడుకోండి. తమిళ కుర్రాడితో ఇంటి సంగతులు తమిళంలో మాట్లాడితే వాడు విప్పే కథ హిందీలో ఎప్పటికీ విప్పడు. అయితే నలుగురు ఉన్నచోట తెలుగువాళ్ళతో తెలుగులో గుసగుసలాడారంటే అంతే సంగతులు. మన జిల్లా కుర్రాడు "అన్నా" అంటూ దగ్గరికొచ్చి చిన్న చిన్న సౌకర్యాలు అడుగుతాడు. వాడిని అందరికన్నా ఒక మెట్టు కిందే పెట్టండి, వాడు అలిగినా సరే.

మరొకటి, ఇది తేలిగ్గా తీసుకోకండి. ఎవడైనా ఉన్నట్టుండి మాట తగ్గించినా, తిండి మానినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, ఇంటినుంచి ఫోన్ వచ్చాక ముఖం మారినా, వాడిని ఆ రాత్రి ఆయుధంతో ఒంటరి డ్యూటీకి వేయకండి. బడ్డీని పక్కనే ఉంచండి, అదే రోజు యూనిట్ డాక్టర్‌కి, కంపెనీ కమాండర్‌కి చెప్పండి. పిరికివాడని ముద్ర పడుతుందేమో అని ఆలోచించే టైం కాదది.

కంపెనీ కమాండర్ మూడు నెలలన్నారు, సరే. మీరు కూడా ఆయన దగ్గర ఒకటి అడగండి: ఈ మూడు నెలలు ప్లటూన్‌లోంచి మనుషుల్ని అటూ ఇటూ లాగొద్దని. మంచి జవాన్లని క్లర్కు ఆఫీసుకో, వాలీబాల్ టీముకో తీసేసి మిగిలినవాళ్ళతో ఫైరింగ్ గెలవమంటే ఎవరి తరమూ కాదు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కనీసం ఎంతమంది పోయారో లెక్క ఆయనకు గుర్తుంటుంది. చెడ్డ వార్త ఏదున్నా ఆయనకు మీ నోటి నుంచే ముందు తెలియాలి, సుబేదార్ సాబ్ నుంచో, మెస్‌లోంచో కాదు. మూడు నెలలకు ఫైరింగ్‌లో మొదటికి రారు. ఆఖరు నుంచి కదులుతారు, లీవు నుంచి అందరూ టైముకు వస్తుంటారు. ఆ రెండూ జరిగితే ఆయనకు కనబడుతుంది.

గుండు గురించి అడిగారు. నిరభ్యంతరంగా చేయించుకోండి. దక్షిణాది పల్టన్‌లో లీవు నుంచి గుండుతో దిగినవాడిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, "దర్శనం బాగా జరిగిందా సాబ్" అని అడుగుతారు, మాట కలపడానికి అదే దారి. లడ్డూలు మాత్రం లెక్క చూసుకుని తీసుకోండి. ప్లటూన్‌తో పాటు వంటవాళ్ళు, మంగలి, దోబీ కూడా వస్తారు లెక్కలోకి. ఉచితంగా ఇచ్చేది ఒకటే, అదనపు లడ్డూలకు కౌంటర్లో డబ్బు కట్టాలి, ఆ ఖర్చుకు వెనకాడకండి. తీసుకెళ్ళాక మీ చేత్తో పంచకండి, ఉస్తాద్ చేతికిచ్చి ఆయన్నే పంచమనండి.